ఛాయాచిత్రశాలలో ప్రతిమా వాణిజ్యము



విశాఖపట్టణపు పాతబస్తీలో పూర్ణా మార్కెట్ అను పేరు వినగానే మనకు స్ఫురించునవి తక్కెడయు బేరమును. కూరగాయలు, పువ్వులు, పప్పుదినుసులు, పూజాద్రవ్యములు, పాత్రసామగ్రి, పెండ్లిసరుకులు, వీనిలో దేనికైనను ఇంత తూకమునకు ఇంత వెల యని కొనువానికిని అమ్మువానికిని ముందే తెలిసియుండును. తెలియనిది ఆ వెల యెంతవఱకు దిగునన్నది మాత్రమే. ఇట్టి అంగడివీధిలో, తూకమున కందనిదియు, బేరమున కొదగనిదియు, ఒక్క కుటుంబమునకు తప్ప లోకములో మఱెవ్వరికిని అక్కఱకు రానిదియు నగు ఒక వస్తువును అధికమగు వెలకు అమ్మి, ఆ యమ్మకము నూతగా ఛాయాగ్రాహకవృత్తి మరల నిలదొక్కుకొనగలదా యన్నది నేటి ప్రసంగవిషయము. ఆ వస్తువు మనుష్యుని చిన్న ప్రతిమ. జేనెడు పొడవున, ముఖమందలి పోలికతోను, నిలుచు తీరుతోను, కట్టిన బట్ట ముడుతలతోను సహా, కెమెరాల చేత గ్రహించి, యంత్రముచేత పొరమీద పొరగా పేర్చి నిలిపిన రూపము.

పాతబస్తీ స్టూడియోలకు ఒకనాడు నిత్యజీవనాధారమైనవి ఏవి? బడిపిల్లల పాస్‌పోర్టు ఫోటోలు, సంబంధములు చూచువారికి పంపు నిలువెత్తు ఫోటోలు, షష్టిపూర్తినాడు మనుమలతో కూర్చుండి తీయించుకొను గ్రూపు ఫోటో. ఇవి యన్నియు నేడు ప్రతివాని జేబులోని చరవాణి లోనికి పోయినవి. ఛాయాచిత్రము చౌకయైనందుకు విచారింపవలసిన పని లేదు. బీదవాని బిడ్డకు సైతము బాల్యపు బొమ్మ మిగులుట గొప్ప మేలు. కాని, తన చేతిలోని యంత్రము చేయజాలని పనికే మనుష్యుడు పరునికి ధనమిచ్చును. అట్టి పనులలో నీ ప్రతిమానిర్మాణ మొకటి. 2025 సంవత్సరము సెప్టెంబరు మాసమున కృత్రిమ మేధస్సు సహాయమున తమ తమ ఫోటోలను బొమ్మలుగా మార్చుకొను వేడుక మన దేశమంతట వ్యాపించినప్పుడు, లక్షలాది జనులు తమను తాము బల్లమీది ప్రతిమలుగా తెరపై చూచుకొని మురిసిరి. ఆ బొమ్మలు తెరను విడిచి రాలేదు, చేతికి తగులలేదు. ఆ కోరికను రేకెత్తించుటకు స్టూడియోవారు ఒక్క కానియైనను ఖర్చుపెట్టి యుండలేదు. తీర్చుట మాత్రము వారివలననే కావలసియున్నది.

ఇది నిన్నమొన్నటి యూహ యని భ్రమింపరాదు. 1860 ప్రాంతమున ప్యారిస్ నగరమందు ఫ్రాన్సువా విల్లెమ్ అను శిల్పి యొకడు గుండ్రని గది యొకటి కట్టించి, నడుమ మనుష్యుని నిలిపి, చుట్టును 24 కెమెరాలను అమర్చి, ఒక్కమారుగా చిత్రములను తీయించెడివాడు. ఆ చిత్రములను ఒక్కొక్కటిగా తెరపై పెద్దవిగా ప్రసరింపజేసి, వాని రూపరేఖను పాంటోగ్రాఫ్ అను గీతయంత్రముతో వెంబడింపగా, ఆ యంత్రము రెండవ కొన బంకమన్నును అదే రేఖలో కోసెడిది. మట్టిముద్దను 15 భాగలు త్రిప్పి మఱియొక చిత్రము, మరల 15 భాగలు త్రిప్పి మఱియొకటి. ఇట్లు 24 మారులలో వలయము పూర్తియగును. నేటి ప్రతిమాశాల కిదియే మూలరూపము. ఇంత యద్భుతమైన పద్ధతియు పదేండ్లైనను నిలువక, 1868 ప్రాంతమున మూతపడెను. ఏల? యంత్రము కోసిన మట్టిబొమ్మ ముఖమునకు జీవకళ తెచ్చుటకు శిల్పుల చేతిపని తప్పలేదు. కావున వెల తగ్గలేదు. అదే కాలమున అదే నగరమున డిస్డెరీ యనువాడు 1854లో పేటెంటు హక్కు పొందిన చిన్న చీటీ ఫోటోలు చౌకగా, డజన్ల లెక్కన, బంధుమిత్రులకు పంచిపెట్టుటకు అనువుగా వెల్లివిరియుచుండెను. చీటీ ఫోటో ఎందులకో జనులకు తెలిసినది. పాలరాతి విగ్రహము ఎందులకో తెలిసినది. నడుమనున్న యీ ప్రతిమ ఎందులకో విల్లెమ్ వారికి బోధపఱుపజాలకపోయెనని నా యభిప్రాయము. నేడీ వ్యాపారమునకు దిగువా రెవరైనను మొట్టమొదట సమాధానము చెప్పుకొనవలసిన ప్రశ్న యిదియే: ఇది ఎవరికి, ఏ సందర్భమున, ఎందులకు?

దానికి ముందు పనితీరును గూర్చి కొంత చెప్పవలెను; ఏలనన, వస్తువును ఎఱుగనివాడు దానిని వెలకు నిలబెట్టి అమ్మజాలడు. నేడు మనుష్యుని చుట్టును అరువది మొదలు నూటికి మించిన కెమెరాలను స్తంభములకు బిగించి, అన్నింటి మీటలను ఒకే క్షణమున నొక్కుదురు. ఒకే బిందువును రెండు మూడు కోణములనుండి చూచిన కెమెరాల సాక్ష్యమునుబట్టి, ఆ బిందువు ఎచ్చట నున్నదో కంప్యూటరు గణించును. దీనికే ఫోటోగ్రామెట్రీ యని పేరు. ఒకే క్షణమున తీయుటచేతనే ఒకచోట నిలువని పసిపిల్లలును ఇందులకు లోబడుదురు. ఇచ్చట మన ఛాయాగ్రాహకుడు తాను జీవితమంతయు అభ్యసించిన విద్యలో నొక భాగమును ప్రక్కకు పెట్టవలసియుండును. స్టూడియోలో వెలుగునీడలు ముఖమునకు తీరు దిద్దును. ప్రతిమకై తీయునప్పుడు నీడ పనికిరాదు. చెక్కిలిపై పడిన నీడ ప్రతిమపై నల్లని మచ్చయై అచ్చుపడును. వెలుగు అన్ని వైపులనుండి సమముగా, మెత్తగా పడవలెను; నీడను ఆ ప్రతిమ తాను నిలిచిన యింటి దీపమునుండి తానే తెచ్చుకొనును. వెలుగునీడల విద్య తొలగినపిమ్మట ఛాయాగ్రాహకునికి మిగిలినది భంగిమ. అదియు ఎదుటినుండి మాత్రమే కాక, వెనుకనుండియు, ప్రక్కలనుండియు శోభింపవలసిన భంగిమ. ఈ తండ్రి చేతులు వెనుకకు కట్టుకొని నిలుచువాడా, ఈ యమ్మమ్మ కొంగు నడుమున దోపుకొను స్వభావము కలదియా యని నాలుగు మాటలు మాట్లాడించి కనిపెట్టగలవాడే పోలికను పట్టగలడు. కెమెరాల సంఖ్య ఎంత పెంచినను ఆ చూపు వానికి రాదు. ప్రతిమకు వెల వచ్చునది ఈ చూపువలననే.

తీసిన రూపమును తెరపై ఒక శిల్పి సవరించును. మన పెండ్లివేషము ఈ పనికి పెనుపరీక్ష. పట్టుచీర జరీ మెఱసి కెమెరాలను మోసగించును. ఒకే చోటు ఒక కెమెరాకు బంగారముగాను, మఱియొకదానికి తెలుపుగాను కనబడుటచే గణన చెదరిపోవును. వడ్డాణము, బాసికము, కంటియద్దములు, వదులు వెంట్రుకలు, జడలోని మల్లెలు, ఇవి యన్నియు నట్టివే. వీనిని చేతితో మరల తీర్చిదిద్దవలెను. పిమ్మట జిప్సము పొడిని పలుచని పొరగా పఱచి, దానిపై జిగురును రంగును ఇంకుయంత్రమువలె చల్లి, మరల పొర పఱచి, ఇట్లు ముద్రింతురు. ఒక్కొక్క పొర సుమారు పదవవంతు మిల్లీమీటరు. అనగా, నిలువుగా ముద్రించిన 20 సెంటీమీటర్ల ప్రతిమకు రమారమి 2000 పొరలు. పొడినుండి వెలికితీసి, దుమ్ము ఊది, గట్టిపడు జిగురులో ముంచిననే గాని రంగు తేలదు, బలము రాదు. అప్పటికిని సన్నని వ్రేలు, గాజు, ఉత్తరీయపు అంచు విఱుగవచ్చును. జిప్సము తేమను పీల్చును. సముద్రపు గాలి నిరంతరము వీచు మన పట్టణమున అద్దపు పెట్టె లేక ఈ ప్రతిమను అమ్ముట ధర్మము కాదు. ఎండ తగిలిన రంగు వెలియునని కూడ కొనువానికి ముందే చెప్పవలెను. జిప్సమునకు మాఱుగా రంగుల రెజినుతో ముద్రించు యంత్రములును వచ్చినవి. అవి బలమైనవి, వెల హెచ్చైనవి.

ఇక వెలను గూర్చి. 2012 నవంబరునుండి 2013 జనవరివఱకు టోక్యో నగరమందలి హరాజుకూ పేటలో ఒమోటే త్రీడీ యను ప్రతిమాస్టూడియో నడచెను. 10 సెంటీమీటర్ల ప్రతిమకు 21,000 యెన్లు, 15 సెంటీమీటర్లకు 32,000, 20 సెంటీమీటర్లకు 42,000 యెన్లు వారి వెలలు. అప్పటి మారకమున మొదటిది సుమారు 14 వేల రూపాయలును, కడపటిది సుమారు 28 వేల రూపాయలును అగును. ఈ అంకెలలో శ్రద్ధగా గమనింపదగిన రహస్యము కలదు. ఎత్తు రెట్టింపైన ఘనపరిమాణము ఎనిమిదింతలగును. లోపల బోలుగా చేసినను, పదార్థము రెట్టింపుకంటె చాల హెచ్చే పట్టును. అయినను వారు వెలను రెట్టింపు మాత్రమే చేసిరి. చిన్నదానికైనను పెద్దదానికైనను చిత్రములు తీయుట, రూపమును సవరించుట, భంగిమను నిలుపుట సమానమే యగుటయు, వెలలో పెద్దపాలు ఆ పనిదే యగుటయు దీనివలన తేటపడుచున్నది. కావున పూర్ణా మార్కెట్ స్టూడియో యజమాని బల్లమీద వెలపట్టిక పెట్టునప్పుడు పొడి తూకమునుబట్టి లెక్కగట్టిన యెడల, చిన్న ప్రతిమలను నష్టమునకు అమ్మి, పెద్ద ప్రతిమలను ఎవరును కొనలేనివిగా చేసికొనును.

వెలను మొదటనే, మొగమాటము లేక, వ్రాతలో చూపవలెను. పదిమంది బేరమాడు వీధిలో తాను బేరమాడనని చెప్పుట అహంకారము కాదు. అయితే అట్లు చెప్పుటకు అర్హత సంపాదింపవలెను. తగ్గింపు కోరినవానికి వెల తగ్గించుటకంటె చిన్న కొలతను చూపుట మేలు. సగము సొమ్ము ముందుగా పుచ్చుకొని, ముద్రణకు ముందు రూపమును తెరపై నలువైపుల త్రిప్పి చూపి, కుటుంబము సమ్మతించినపిమ్మటనే యంత్రమునకు పంపవలెను. ‘మా నాన్నగారి ముక్కు ఇట్లుండదండీ’ అని ఆడబిడ్డ యొక్కతె అన్నచో, ఆ మాట శిల్పశాస్త్రము లన్నింటికంటె ప్రమాణము. దారిలో ప్రతిమ చేయి విఱిగిన యెడల ఉచితముగా అతికి యిత్తునన్న హామీ, పత్రికలో వేయించు ప్రకటన కంటె పదిరెట్లు పనిచేయును.

ప్రకటన యన్నచో, ఈ వస్తువునకు ఫోటోలు పంచుట వ్యర్థము. ఫోటోలో నిది ఫోటోగానే కనబడును. బల్లమీద నిలిపి, మంచి వెలుగులో, చేతికిచ్చి త్రిప్పి చూడనీయవలెను. అందును సినిమాతారల రూపములను నిలుపరాదు. అనుమతి లేక పరుల రూపమును అమ్ముట తగవు కాదు, అది యట్లుండగా, తార రూపము చూచినవాడు తారను మెచ్చుకొని పోవును గాని తనకొక ప్రతిమ కావలెనని తలపడు. ఆ వీధిలోనే పువ్వులు కట్టు ఒక పెద్దముత్తైదువ రూపమును, ఆమె సమ్మతితో, ఆమెకొక ప్రతిమ కానుకగా నిచ్చి, ఆ జతలో రెండవదానిని బల్లమీద నిలిపిన యెడల, ఆమెను నిత్యము చూచువారందఱు వచ్చి పోలికను స్వయముగా పరీక్షించుకొందురు. ఎఱిగిన ముఖముతో సరిపోల్చి చూచుకొన్నవానికి వేరొకరు నచ్చజెప్పవలసిన పని యుండదు.

సికింద్రాబాదులో స్టూడియో నడపిన రాజా దీన్ దయాళ్, ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను ఆస్థాన ఛాయాగ్రాహకుడుగా ప్రఖ్యాతి గాంచినవాడు. కొనువారి సందర్భమును ఎఱుగుట యనిన నేమో ఆయన నూటముప్పది యేండ్లకు పూర్వమే చూపెను. ఘోషాలోనుండు స్త్రీలు పురుషుని యెదుట కూర్చుండి చిత్రము తీయించుకొనజాలరు గదా. 1892లో ఆయన హైదరాబాదునందు స్త్రీలకై ప్రత్యేకముగా జనానా స్టూడియో నేర్పఱచి, దాని నిర్వహణ నొక ఆంగ్లవనిత కప్పగించెను. అడ్డంకి యేదో కనిపెట్టి తొలగించుటవలన వచ్చిన ఘనత యది. వెల తగ్గింపువలన వచ్చినది కాదు. మన పట్టణములోని అడ్డంకు లేవో మన స్టూడియోలవారు కనిపెట్టవలెను. మోకాళ్ళ నొప్పులతో మేడమెట్లెక్కలేని ముసలివారికై నేలమీదనే గది కావలెను. చీర మార్చుకొనుటకు అద్దమున్న చాటు కావలెను. పెండ్లికూతురు ముహూర్తమునాడు స్టూడియోకు రాజాలదు. కావున పెండ్లికి ముందో వెనుకనో అదే వేషమున ఒక పూట నిర్ణయించుకొనవలెనని కుటుంబమునకు చెప్పి ఒప్పింపవలెను.

సందర్భములకు మన నగరమున కొఱత లేదు. 1992 ఆగస్టు 1న జాతికి అంకితమైన ఉక్కు కర్మాగారమునందు యౌవనమున చేరినవారు నేడు పదవీ విరమణ చేయుచున్నారు. సహోద్యోగు లిరువదిమంది చందా వేసికొని శాలువయు జ్ఞాపికయు నిచ్చుట ఆచారము. ఆ జ్ఞాపిక స్థానమున, శిరస్త్రాణము ధరించి నిలిచిన ఆ మనిషి ప్రతిమయే యున్న యెడల? ఒక్కనికి బరువగు వెల ఇరువదిమందికి బరువు కాదు. ఈ వ్యాపారమునకు ఇంతకంటె యోగ్యమైన ద్వారము నాకు తోచుట లేదు. 1933లో తెఱచిన రేవును నమ్ముకొని ఓడలపై నెలల తరబడి సముద్రమున గడపువారు, విదేశములందు బిడ్డలున్నవారు, షష్టిపూర్తి చేసికొను దంపతులు, అన్నప్రాశనపు పసివారు, వీరందఱును కొనదగినవారే. కాని అందఱకు అన్నియు అమ్మజూచినవాడు ఎవరికి నేమియు అమ్మలేడు. ఒక స్టూడియో ఒక సందర్భమును తనదిగా చేసికొని, అందులో పేరు పొంది, పిమ్మట రెండవదానికి చేయి చాపుట మేలు.

ప్రతిమ మనకు క్రొత్త కాదు. సంక్రాంతికి బొమ్మల కొలువు తీర్చు ఇండ్లు మనవి. తెల్లపొణికి కఱ్ఱను చెక్కి, చింతగింజల పిండియు రంపపుపొడియు కలిపిన మక్కుతో అవయవముల నతికి, కొండపల్లివారు ఊరి జనులనే బొమ్మలుగా చేసిరి. మన చెంతనే, నేటి అనకాపల్లి జిల్లాలో, వరాహనది యొడ్డున ఏటికొప్పాక కలదు. అంకుడు కఱ్ఱను తిరుగుడు యంత్రముపై త్రిప్పి, రాపిడి వేడికి లక్కను కరగించి పూయు ఆ పనికి 2017లో భౌగోళిక గుర్తింపు లభించెను. చెట్టుచేమల రంగులను అచ్చట పునరుద్ధరించిన సి.వి. రాజుగారికి 2023లో పద్మశ్రీ లభించెను. 2025 గణతంత్ర దినోత్సవమున ఢిల్లీ కర్తవ్యపథమున మన రాష్ట్రశకటముపై ఆ బొమ్మలే కొలువుదీరినవి. యంత్రము చేసిన ప్రతిమకు ఏటికొప్పాక లక్కపీఠము నొకటి అమర్చిన యెడల, అద్దపు పెట్టెలోని ఆ రూపము ఈ నేలకు చెందినదై నిలుచును. పీఠము చేసిన చేతికిని కూలి దక్కును. ఆ పనివాని పేరు పీఠము అడుగున వ్రాయించుట స్టూడియోవారి ధర్మము.

మరణించినవారి ప్రతిమలను గూర్చి చెప్పక ఈ ప్రసంగమును ముగింపరాదు. కొత్తపేటలో రాజ్‌కుమార్ వుడయార్ వంటి శిల్పులును, తెనాలిలోని సూర్య శిల్పశాలవారును ఫోటోను ఆధారముగా గొని విగ్రహములు చేయుట తెలుగువారెఱిగినదే. చిన్న ప్రతిమకై వచ్చువారిలో కూడ పోయినవారి ఫోటోను పట్టుకొని వచ్చువారు తప్పక యుందురు. ఒక్క ఫోటో ఒక్క వైపును మాత్రమే చెప్పును; చెవి వెనుకను, మెడ వంపును, భుజముల తీరును శిల్పి ఊహింపవలసినదే. ‘ఇది సగము మీ ఫోటో, సగము మా ఊహ’ యని స్పష్టముగా చెప్పి, వేర్వేరు వయసుల ఫోటోలు తెమ్మని యడిగి, ఇంటివారిని పక్కన కూర్చుండబెట్టుకొని సవరించువాడే ఆ పనికి తగినవాడు. దుఃఖములో నున్నవారు వెల యడుగరు. కావుననే వారికి వెలను ముందుగా చెప్పవలెను, మిగిలినవారికి చెప్పిన వెలనే చెప్పవలెను. ఈ యొక్క చోట లోభించిన స్టూడియో మఱి యేమి చేసినను నా దృష్టిలో గౌరవమునకు పాత్రము కాదు.

ఇంకొకటి. మనుష్యుని పూర్తి రూపము స్టూడియో కంప్యూటరులో నుండుట సామాన్యవిషయము కాదు. 2023లో మన పార్లమెంటు వ్యక్తిగత సమాచార రక్షణకై చట్టము చేసినది. చట్టము మాట యట్లుండగా, ముఖ్యముగా పిల్లల రూపములను తల్లిదండ్రుల వ్రాతపూర్వక సమ్మతి లేక ఉంచుకొనరాదు, ప్రదర్శింపరాదు, అడిగిననాడు తుడిచివేయవలెను. ఈ మాటను రసీదు మీదనే తెలుగులో అచ్చువేయింపుడు.

పూర్ణా మార్కెట్ వీధుల స్టూడియో యజమానులకు నా విన్నపము. యంత్రములను కొనుటకు తొందరపడి అప్పు చేయకుడు. ముద్రణను మొదట పెద్ద నగరములందలి ముద్రణశాలలకు అప్పగించి, మీరు చిత్రములను తీయుటయందును, సవరణయందును చేయి తిరిగినవారు కండు. మొదటి ప్రతిమను మీ తల్లిదండ్రులదే చేయింపుడు. ఇంటిల్లిపాదియు పోలిక కుదిరినదని యొప్పుకొన్న పిమ్మటనే బల్లమీద వెలపట్టిక పెట్టుడు. కొనవచ్చు శ్రోతలకును ఒక మాట: పట్టిక చూచి వెంటనే బయానా ఇయ్యకుడు, స్టూడియోవారు చేసిన ప్రతిమను చేతబట్టి, ఆ ప్రతిమలోని మనిషిని కూడ చూపుమని యడుగుడు. చూపగలిగినవానికి అతడడిగిన వెల యిండు.